ఒక ఊరు, నాలుగు పటాలు: మీ ఊరి మ్యాపు మీరే గీసుకోవడం ఎలా

"సార్, ఊరి మ్యాపు గీయాలి, నేర్పిస్తారా" అని పిల్లలెవరైనా వస్తే నేను ముందు అడిగేది "దేనికి?" అని. "దేనికని ఏముంది సార్, ఊరంతా గీద్దామని" అన్నారంటే వాళ్ల పని ఇంకా మొదలు కాలేదన్నమాట. ఊరంతా ఉండే పటం ఎక్కడా లేదు. రెవెన్యూ వాళ్ల గ్రామ పటం చూడండి. ప్రతి సర్వే నంబరు గట్టూ ఉంటుంది కానీ ఇళ్లు ఉండవు, ఊరిని గ్రామకంఠం అని పెట్టేసి వదిలేస్తారు. ఫోనులో మ్యాపు తీయండి. బిర్యానీ సెంటరు ఉంటుంది, దాని వెనకే పోయే చెరువు కాలువ ఉండదు. రెండిట్లో ఏదీ తప్పు కాదు. మొదటిది శిస్తు కోసం గీసింది, రెండోది దారి తెలియని మనిషి కోసం. మీది దేనికోసమో తేల్చుకుంటే ఏం గీయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏం వదిలేయాలో తెలుస్తుంది.

నేను కందుకూరు, ఉలవపాడు వైపు మండలాల్లో సర్వేయరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గట్లే గీశాను. అన్నదమ్ముల మధ్య గట్లు, అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య గట్లు. ఊరికి రోజూ పనికొచ్చే పటాలు వేరే ఉంటాయి, వాటిని గీయడానికి ఏ శాఖా రాదు. ఇక్కడ చెప్పేది ఒక మామూలు పల్లెకు నాలుగు పటాలు గీసే పద్ధతి. ఒకటి మూల పటం. దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి గీసేవి మరో మూడు. ముగ్గురు కలిస్తే వేసవి సెలవుల్లో హాయిగా అయిపోతుంది.

సామాను

పెద్ద గ్రాఫు షీట్లు, ట్రేసింగ్ పేపరు, 30 మీటర్ల టేపు, నాలుగు పొడుగాటి కర్రలు, ఒక డ్రాయింగ్ బోర్డు, దాన్ని పెట్టడానికి ఎత్తుపీట, పెన్సిళ్లు, రబ్బరు, స్కేలు. ఫోను ఎలాగూ ఉంటుంది. వీటితో పాటు మీ ఊరి గ్రామ పటం నకలు ఒకటి సంపాదించండి. మీభూమి సైటులో దొరుకుతుంది, లేదంటే సచివాలయంలో సర్వేయరును అడగండి. పాత గ్రామ పటాలు మైలుకు 16 అంగుళాల లెక్కన గీసినవి. అంటే అంగుళానికి 330 అడుగులు, మా భాషలో ఐదు గొలుసులు. ఒక గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. పాత ఎఫ్ఎంబీల్లో, అంటే పొలం కొలతల పుస్తకాల్లో, అంకెలు ఈ లింకుల్లోనే ఉంటాయి. వాటిని అడుగులనుకుని లెక్కేస్తే పొలం ఒకటిన్నర రెట్లు పొడుగైపోతుంది.

కొలమానం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నెల్లూరులో ఇళ్ల స్థలాలు అంకణాల్లో అమ్ముతారు, ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు. కొన్నిచోట్ల అదే అంకణం 72. సెంటు మాత్రం ఎక్కడైనా 435.6 చదరపు అడుగులే. పటం మీద అంకె వేస్తే పక్కనే అది దేని లెక్కో కూడా రాయండి. రాయని అంకెల మీద కోర్టులో నడిచిన కేసులు నేను చాలా చూశాను.

మూల పటం

మొదట మీ అడుగు కొలుచుకోండి. స్కూలు గ్రౌండులో టేపుతో 100 మీటర్లు కొలిచి రెండు చివర్లా కర్రలు పాతండి. పోతూ వస్తూ ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టి సగటు తీయండి. ఎవరో చూస్తున్నట్టు కాకుండా, కూరగాయలకు వెళ్లేటప్పుడు ఎలా నడుస్తారో అలా నడవాలి. ఆ లెక్క నోటుబుక్కు అట్ట మీద రాసుకుంటే సందులూ డొంకలూ కొలవడానికి ఇక టేపు అక్కర్లేదు.

స్కేలు సెంటీమీటరుకు 25 మీటర్లు పెట్టుకోండి. కిలోమీటరు పొడవున్న ఊరు 40 సెంటీమీటర్లలో ఇముడుతుంది.

తర్వాత ఉత్తరం. ఫోనులో కంపాస్ ఉంది కదా అంటారు. ఉంది. ఒకసారి ఇనుప గేటు పక్కన నిలబడి చూడండి, ఎటు తిరుగుతుందో. నమ్మకమైన పద్ధతి ఎండలో కర్ర పాతడం. చదునైన నేల మీద కర్రను నిట్టనిలువుగా పాతి, దాని చుట్టూ తాడుతో గుండ్రంగా గీత గీయండి. పొద్దున కర్ర నీడ కొస ఆ గీతను తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం నీడ మళ్లీ పెరిగి గీతను తాకిన చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే పడమర నుంచి తూర్పుకు గీత వస్తుంది. దానికి అడ్డంగా సమకోణంలో గీసింది ఉత్తర దక్షిణాలు. ఇలా శంకువు, అంటే నిలువు కర్ర, పాతి దిక్కులు తేల్చడం మన గుళ్లు కట్టినవాళ్లకు బాగా తెలిసిన విద్య. నడిమధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికే అవుతుందని అనుకోకండి. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, మనం ఉన్నది 80 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన మనకు సూర్యుడు సగటున పది నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికొస్తాడు.

ఆ 80 గీత గురించి పిల్లలకు చెబితే భలే సరదాపడతారు. నెల్లూరు, కావలి, ఒంగోలు మూడూ దాదాపు దాని మీదే ఉన్నాయి. మొదటి రెండూ గీతకు కాస్త పడమరన, ఒంగోలు కాస్త తూర్పున. కావలి దాటి ఉత్తరంగా సుమారు పది కిలోమీటర్లు పోతే 15 డిగ్రీల అక్షాంశం, 80 డిగ్రీల రేఖాంశం కలిసే చోటు వస్తుంది. అక్కడ బోర్డేమీ ఉండదు. ఫోనులో అంకెలు చూసుకుంటూ నడిస్తే మాత్రం అక్షాంశ రేఖాంశాలంటే ఏమిటో పాఠం చెప్పకుండానే అర్థమైపోతుంది. నాలుగో దశాంశ స్థానంలో ఒక అంకె మారిందంటే మీరు సుమారు 11 మీటర్లు కదిలినట్టు.

ఇప్పుడు అసలు పని. మధ్యలో అడ్డం లేని రెండు చోట్లు ఎంచుకోండి. స్కూలు గేటు ఒకటి, బస్ షెల్టరు ఒకటి అనుకుందాం. ఆ రెండిటి మధ్య దూరం మాత్రం టేపుతో జాగ్రత్తగా, రెండుసార్లు కొలవండి. 200 మీటర్లు ఉంటే కాగితం మీద 8 సెంటీమీటర్ల గీత గీసి, రెండు చివర్లా ఆ రెండు చోట్లకు చుక్కలు పెట్టండి. స్కూలు గేటు దగ్గర ఎత్తుపీట మీద బోర్డు చదునుగా పెట్టి, కాగితం మీది గీత సరిగ్గా బస్ షెల్టరు వైపు చూసేలా తిప్పండి. గేటు చుక్క దగ్గర స్కేలు ఆనించి, దాని అంచు వెంట ఓవర్‌హెడ్ ట్యాంకును గురి చూసి గీత లాగండి. అలాగే గుడి ధ్వజస్తంభం, సెల్ టవరు, చెరువుగట్టు మీది మర్రిచెట్టు. తర్వాత బస్ షెల్టరు దగ్గరికి పోయి, గీత వెనక్కి గేటు వైపు చూసేలా బోర్డు పెట్టి, అక్కడి చుక్క నుంచి వాటినే మళ్లీ గురి చూడండి. రెండు గీతలూ కోసుకున్న చోటే ట్యాంకు. టేపు పట్టుకుని ట్యాంకు దాకా పోనక్కర్లేదు. గీతలు మరీ సన్నటి కోణంలో కోసుకుంటే మాత్రం నమ్మకండి, కనీసం 30 డిగ్రీలన్నా ఉండాలి.

1802లో విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల గీత కొలిచి మొదలుపెట్టింది కూడా ఇదే పని. ఒక్క గీత గొలుసుతో కొలవడం, ఆపైన కోణాలు చూసుకుంటూ త్రిభుజాల మీద త్రిభుజాలు అల్లుకుంటూ పోవడం. ఆ అల్లిక హిమాలయాల దాకా వెళ్లింది, ఎవరెస్టు ఎత్తు తేలింది ఆ సర్వేలోనే. మీరు ట్యాంకు దాకా వెళ్తున్నారు, అంతే తేడా.

గురి చూసి పెట్టిన ఈ ఏడెనిమిది చుక్కల మధ్య సందులు, వాగులు, డొంకలు మీ నడక అడుగులతో కొలిచి నింపేయండి. మూల పటంలో పేర్లు తక్కువ రాయండి. దీని మీద ఇంకా చాలా రావాలి.

హెచ్చరిక ఒకటుంది. ఈ పటాన్ని గానీ ఫోను జీపీఎస్‌ను గానీ గట్టు తగాదాలోకి తీసుకెళ్లకండి. ఆరుబయట కూడా ఫోను మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. వంద మీటర్ల గట్టు ఐదు మీటర్లు జరిగితే 500 చదరపు మీటర్లు, అంటే 12 సెంట్ల పైమాటే. తలలు పగలడానికి అందులో పావు వంతు చాలు. ప్రభుత్వ భూముల రీసర్వేలో వాడే రోవర్ అనే జీపీఎస్ పరికరం సెంటీమీటర్లలో చెబుతుందంటే, దానికి నేల మీది బేస్ స్టేషన్ నుంచి సవరింపులు అందుతుంటాయి. మీ జేబులో ఫోనుకు ఆ సదుపాయం లేదు.

నీళ్ల పటం

మూల పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి నీళ్ల దారులు మాత్రమే గీయండి. చెరువు, తూములు, కలుజు (మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు), పంట కాలువలు, రోడ్డు కింద తూరలు, వాగులు. తర్వాత వాలు తేల్చాలి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మన కంటికి మాత్రం పల్లం అంత తేలిగ్గా తెలియదు, ముఖ్యంగా ఈ తీరం వైపు నేలలో. బేల్దారి మేస్త్రి దగ్గర ఉండే నీళ్ల ట్యూబు అడిగి తెచ్చుకోండి. పారదర్శకంగా ఉండే పైపులో బుడగ లేకుండా నీళ్లు నింపి రెండు చివర్లూ రెండు కర్రలకు ఆనిస్తే, రెండు వైపులా నీటి మట్టం ఒకటే ఎత్తులో నిలుస్తుంది. ఒక్కో కర్ర దగ్గర నేల నుంచి ఆ మట్టం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే ఎంత పల్లమో వచ్చేస్తుంది, పెద్ద అంకె వచ్చిన వైపే పల్లం. వీధి వీధికీ చేసుకుంటూ పోయి బాణాలు వేయండి.

ఇక ఇంటింటికీ తిరిగి వరద గుర్తులు అడగాలి. 2021 నవంబరులో నెల్లూరు వైపు పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, హైవే కూడా తెగింది. ఆ వానలకు మీ ఊళ్లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో అడిగితే ప్రతి ఇంట్లోనూ గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. ఆ ఎత్తు నేల నుంచి కొలిచి, ఇంటి చోట రాసుకోండి. సంవత్సరం కూడా రాయండి, 2004 సునామీ నీళ్లూ 2021 వాన నీళ్లూ ఒకటి కావు. ఒకే ఎత్తు ఉన్న చోట్లను కలుపుతూ గీత గీస్తే, ఈసారి తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏ వీధి వాళ్లను ముందు లేపాలో కనబడుతుంది. మూసుకుపోయిన తూర ఎక్కడుందో కూడా ఈ కాగితమే చెబుతుంది. బాణాలన్నీ ఒకచోటికి వచ్చి ఆగిపోతాయి.

బోర్ల పటం

ఇది అన్నిటికన్నా అవసరమైంది, ముఖ్యంగా కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఊళ్లకు. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు తాగడం వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు మన దేశంలో ఉందని తొలిసారి 1937లో బయటపడింది ఆ ప్రాంతంలోనే, అప్పట్లో అది నెల్లూరు జిల్లా. అక్కడి రాయిలోనే ఫ్లోరైడు ఉంది, బోరు నీళ్లలోకి దిగుతుంది. చిత్రమేమిటంటే పక్కపక్కన ఉన్న రెండు బోర్లలో నీళ్లు వేరువేరుగా ఉండొచ్చు. అందుకే "మా ఊరి నీళ్లు మంచివి" అనో "చెడ్డవి" అనో చెప్పేసి ఊరుకుంటే కుదరదు. బోరు బోరుకూ చుక్క పెట్టాల్సిందే.

రెండో ట్రేసింగ్ కాగితం మీద ప్రతి బోరూ, చేతిపంపూ, బావీ గుర్తు పెట్టి పక్కన లోతు, వేసిన సంవత్సరం, తాగడానికా వాడుకకా అన్నది రాయండి. సీసాలో నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబుకు పంపించండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడు ఉంటే పచ్చ చుక్క, ఒకటి నుంచి 1.5 దాకా పసుపు, ఆపైన ఎరుపు. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు, ఆపైన తాగకూడదు. సీసా నింపిన నెల కూడా రాయండి. వానలకు ముందూ తర్వాతా అంకె మారుతుంది.

చుక్కలు పెట్టగానే పని అయిపోదు. ఏ ఇంటివాళ్లు ఎక్కడి నీళ్లు తాగుతున్నారో అడిగి, ఇంటి నుంచి బోరుకు సన్నటి గీత గీయండి. ఇప్పుడు చాలామంది క్యాన్ నీళ్లు కొంటున్నారు, అది కూడా రాయాలి. వంటకు ఏవి వాడుతున్నారో విడిగా అడగండి. తాగేది క్యాను, అన్నం వండేది ఎర్ర చుక్క బోరు అయిన ఇళ్లు బోలెడు కనబడతాయి.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు జాన్ స్నో అనే లండన్ డాక్టరు. 1854లో సోహో పేటలో కలరా వచ్చి వందల మంది పోయారు. చెడుగాలి వల్లనే అని పెద్దపెద్దవాళ్లు నమ్ముతున్న కాలం అది. స్నో చనిపోయినవాళ్ల ఇళ్లను వీధి మ్యాపు మీద గుర్తు పెడితే గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడాయి. నాకు నచ్చేది అది కాదు. ఆ పంపుకు దగ్గర్లోనే ఒక బీరు కర్మాగారం ఉంది, అక్కడి పనివాళ్లకు ఏమీ కాలేదు. వెళ్లి అడిగితే వాళ్లకు సొంత బావి ఉంది, తాగేది కూడా చాలావరకు బీరే. కాబట్టి మీ పటంలో ఎర్రగా ఉన్న చోటే చూస్తూ కూర్చోకండి. ఎరుపు మధ్యలో ఏ ఇల్లు ఖాళీగా మిగిలిందో చూసి ఆ ఇంటికి వెళ్లి మాట్లాడండి.

రోగం ఉన్నవాళ్ల ఇళ్లు గుర్తు పెట్టాల్సి వస్తే ఆ కాగితం మీ దగ్గర, ఏఎన్‌ఎమ్ దగ్గర మాత్రమే ఉండాలి. గోడకు అంటించే పటంలో బోర్లుంటే చాలు. ఫలానా ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందని ఊరందరికీ చూపిస్తే ఆ ఇంటి పిల్లకు సంబంధాలు రావు.

నోటి పటం

ఇది కాగితం మీద మొదలు కాదు. సాయంత్రం రామాలయం ముందు చదును చేసి నీళ్లు చల్లి, ముగ్గుపిండి డబ్బా పెద్దవాళ్ల చేతిలో పెట్టండి. పెన్సిల్ ఇస్తే "మాకేం తెలుసు నాయనా" అని వెనక్కి పోయే అవ్వ ముగ్గుపిండి ఇస్తే వంగి టకటకా గీసేస్తుంది. మీరు నోరు మెదపొద్దు. ఆమె మొదట ఏది గీస్తుందో చూడండి, ఎందుకంటే మొదట గీసింది ఆ మనిషికి ఊరి నడిబొడ్డు.

ఆడవాళ్లతో ఒక రోజు, మగవాళ్లతో ఒక రోజు విడివిడిగా చేయండి. కలిపి కూర్చోబెడితే మగవాళ్లే గీస్తారు, ఆడవాళ్లు పక్కన నిలబడి నవ్వుతారు. మా దగ్గర మగవాళ్ల పటం బస్టాండు, టీ కొట్టు, గుడి, పొలాలకు పోయే డొంకతో మొదలవుతుంది. ఆడవాళ్లది కుళాయితో, రేషన్ కొట్టుతో, పుల్లలకు పోయే చిల్లకంపలతో. చీకటి పడ్డాక ఏ దారిన నడవరో కూడా వాళ్ల పటంలోనే ఉంటుంది. వీధిలైటు స్తంభం ఎక్కడ వేయాలో పంచాయతీకి చెప్పాలంటే నేను ఆ పటమే తీసుకెళ్తాను.

ముసలివాళ్లను పూడిపోయిన బావుల గురించి, పాటిదిబ్బ గురించి అడగండి. పాత ఊరు ఉన్న చోటు అదే. పాటిమన్ను ఎరువుకని తోలుకుపోగా దిబ్బే మిగలని ఊళ్లు ఉన్నాయి, కానీ నోటి మాటలో ఇంకా ఉంది. సర్వేయర్లకు ఈ నోటి మాట విలువ ఎప్పటి నుంచో తెలుసు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య అని తెలుగు అన్నదమ్ములు పనిచేశారు. ఊరి కథలు, గుడి శాసనాలు, కరణాల లెక్కలు ఇలా సేకరించినవాటిలోంచే కైఫీయతులు, అంటే ఊరూరి చరిత్రలు, వచ్చాయి. మెకంజీ 1815లో దేశం మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. గీతలు గీయడంలో అంత మొనగాడికి కూడా గీతలతో సరిపోలేదు.

ముగ్గుతో గీసింది చెరిగిపోకముందే అరుగెక్కి ఫొటో తీయండి. మర్నాడు మూడో ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించండి. దూరాలు మూల పటంతో కలవవు, కలపాలని చూడకండి. అవ్వకు చేను ఊరికి దూరంగా ఉందంటే ఆ దారి ఎండలో నడవాల్సిన దారి అయి ఉంటుంది.

తీరం వెంట ఊళ్లవాళ్లు ఈ పటాన్ని సముద్రంలోకి పొడిగించొచ్చు. పాతకాలపు పట్టపు వాళ్లు, అంటే సముద్రంలో చేపలు పట్టేవాళ్లు, లైట్‌హౌసూ దాని వెనక తాటిచెట్టూ ఒకే వరసలోకి వచ్చేలా, ఇంకోవైపు మరో రెండు గుర్తులు ఒకే వరసలోకి వచ్చేలా పడవ నిలిపి, రెండు వరసలూ కలిసే చోట వల వేసేవారు. మనం బోర్డు మీద చేసిన పనే, ఒడ్డుకు బదులు నీళ్ల మీద నిలబడి చేశారు. లోతు బారల్లో చెప్పేవారు. ఇప్పుడు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూసిన సముద్రపు వేడి, నీటిలోని పచ్చదనం ఆధారంగా చేపలుండే చోటు దిక్కు, దూరం, లోతుతో పంపిస్తోంది. రెండూ ఒకే కాగితం మీద గుర్తు పెట్టించండి. తాతా మనవడూ వాదించుకుంటుంటే మీరు రాసుకోవచ్చు.

అయిపోయాక

ప్రతి కాగితం కింది మూలలో ఉత్తరం బాణం, స్కేలు, తేదీ, కొలిచినవాళ్ల పేర్లు ఉండాలి. తేదీ మర్చిపోవద్దని ఎందుకంత పోరు పెడతానంటే, కందుకూరునే చూడండి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా పటంలో ఉంది. తర్వాత ఒంగోలు జిల్లా, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరు పటంలోకి వచ్చింది. ఊరు అంగుళం కదల్లేదు. తేదీ లేని జిల్లా పటం చేతిలో పెడితే ఏది ఎప్పటిదో నేను కూడా చెప్పలేను.

సందులు, తూరలు, బోర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించండి. 2004లో మొదలైన ఆ మ్యాపును ఎవరైనా దిద్దొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వరదప్పుడు బయటి నుంచి వచ్చే సహాయక బృందాలకు పనికొస్తుంది. మనుషుల పేర్లు మాత్రం అందులో రాయకండి. నీళ్ల పటం, బోర్ల పటం జెరాక్సు తీయించి సచివాలయంలో ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. అసలు ట్రేసింగ్ కాగితాలు పైపు గొట్టంలో చుట్టి పెట్టుకోండి. మడత పెడితే మడత దగ్గరే గీత చిట్లుతుంది, అక్కడే ఏదో ముఖ్యమైన తూర ఉంటుంది.